పన్నెండో గిన్నె

నమ్మని వాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, తలుపు తీసే ఉంది. అంతా విన్నాక మాత్రం అబద్ధాలకోరన్నారో, నేను ఊరుకోను. ముప్పై కోట్ల కిలోమీటర్ల అవతల అంగారకుడి మీదున్న రాయిని పసడీనాలో కుర్చీ దిగకుండా వాసన చూసి, అందులో ఉప్పెంతో గంధకమెంతో చెప్పిన హార్లన్ ప్రూయిట్‌ని నేను. యంత్రాలు నా తర్వాతే.

యంత్రం కూడా ఉండేదనుకోండి. ఆరు చక్రాల రోవర్. రాయిని తొలిచి, ఆ పిండిని వేలెడు గిన్నెలో పోసి, పొయ్యిలో కాల్చి, వచ్చిన ఆవిరిని కొలిచేది. దాన్నిబట్టి అక్కడ ఒకప్పుడు ఎలాంటి నీళ్లు నిలిచాయో తెలిసేది. గిన్నెలు పన్నెండు. ఒకసారి వాడిన గిన్నె మళ్లీ పనికి రాదు. పదకొండు అయిపోయాయి.

మిగిలిన ఒక్కటీ ఇల్సె బ్రాండ్‌వోల్డ్‌కి ఇచ్చారు, ఆమె ఎర్ర రాయి కోసం. చెరువు అడుగున బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి అది. నా బూడిదరంగు రాయీ అలాంటిదే, పైగా దానికి తాత. అయినా ఓటింగులో ఓడిపోయాను. ఇల్సె వేరుశెనగల పొట్లం నా ముందుకు తోసి, "తిను హార్లన్, కడుపుమంటకి మంచిది" అంది. గదంతా నవ్వింది. ఆ నవ్వు నా వెంట ఇంటికొచ్చింది.

ఆ రాయి తొలవడానికి నాలుగు రోజుల ముందు ఇల్సె పార్కింగులో, కారులోనే గుండె ఆగి చనిపోయింది. చర్చిలో అందరూ ఏడుస్తుంటే నేను గిన్నె గురించి ఆలోచించాను.

ఆమె రాయి మీద ముందే పరీక్షకని గీకిన చిటికెడు పొడిని పదకొండో గిన్నెలో కాల్చిన ఫలితం ఆ ఉదయమే వచ్చింది. చూసింది నేనొక్కడినే. అంత గొప్ప ఫలితం నా జన్మలో చూడలేదు. కాయితం మీద అచ్చు తీసి, కంప్యూటర్లోంచి చెరిపేసి, సొరుగులో పెట్టి తాళం వేశాను. మీటింగులో "ఆ రాయిలో ఏమీ లేదు" అన్నాను. గిన్నె నాదైంది.

మేం అంగారకుడి గడియారంతో పనిచేస్తాం కాబట్టి కిటికీలకి నల్ల తెరలు. బయట మిట్టమధ్యాహ్నం, లోపల కటిక చీకటి. ఏసీ గొణుగుడు, మాడిన కాఫీ వాసన. పక్కన కాన్సువేలో అరియాగా, రోవర్‌కి ఆదేశాలు పంపే పిల్ల.

పిండి పోసే ముందు ఖాళీ గిన్నెని ఒకసారి కాల్చి చూడటం మా ఆచారం. ఏమీ రాకూడదు. తెర మీద గీత చదునుగా సాగిపోవాలి.

గీత లేచింది.

"గిన్నె తోమలేదా మహానుభావా?" అంది కాన్సువేలో ఆవలిస్తూ.

"భూమ్మీద వేసిన సీలు. ఇప్పుడే విప్పాం."

"మరి ఇదేంటి?"

గంధకం... కర్బనం... నీటి ఆవిరి... ఆ అంకెలు నాకు తెలుసు. సొరుగు తాళం తీశాను. కాయితం పక్కన పెట్టి చూశాను. మూడో దశాంశం దాకా... అవే.

భయం కంటే ముందు నాకు ఒళ్లు మండింది. చచ్చిపోయి కూడా నా కంటే ముందే వచ్చి గిన్నెలో కూర్చుంది.

"పోసెయ్," అన్నాను.

"ఏంటి?"

"నా రాతి పిండి పోసెయ్. యంత్రం తప్పు చూపిస్తోంది."

ఆదేశం వెళ్లింది. జవాబు రావడానికి అరగంట పైనే. ఏసీ ఆగిపోయినట్టనిపించింది.

ఫోటో వచ్చింది. బూడిదరంగు పిండి రోవర్ వీపు మీద కుప్పగా పడుంది. గిన్నె మూత మూసి ఉంది.

"నేను మూయలేదు..." కాన్సువేలో గొంతు గుసగుసలోకి దిగింది. "మీరు మూయమన్నారా?"

"లేదు."

ఆమె చూపు కాయితం మీద పడింది. పైన ఇల్సె పేరు, తేదీ. చాలాసేపు చూసింది. "ఇది మీ దగ్గర ఎన్నాళ్లనుంచి ఉంది హార్లన్?"

కాయితాన్ని బోర్లించాను.

"పొయ్యి ఆర్పెయ్," అన్నాను చివరికి.

"ఎప్పుడో ఆర్పేశాను."

ఇద్దరం తెర వైపు చూశాం. గిన్నె ఇంకా వేడిగానే ఉందంటోంది.

ఆ కాయితాన్ని కాన్సువేలో తీసుకుపోయింది. ఫలితం ఇల్సె పేరునే అచ్చయింది. మూత ఎన్ని ఆదేశాలు పంపినా తెరుచుకోలేదు. రోవర్ మరో ఆరేళ్లు బతికింది. బయట మైనస్ ఎనభై డిగ్రీల చలి, పొయ్యికి కరెంటే లేదు. ఆ ఆరేళ్లూ గిన్నె వేడి ముప్పై ఏడు డిగ్రీలు. ఒక డిగ్రీ ఎక్కువ లేదు, తక్కువ లేదు... మనిషి ఒంటి వేడి.

ఆ అంకెని రోజూ పుస్తకంలో రాసిన మనిషి ఇంకా పసడీనాలోనే ఉంది. నాతో మాట్లాడదు. మీతో మాట్లాడుతుంది, వెళ్లి అడగండి: కాన్సువేలో అరియాగా.