నాలుగు బ్రౌజర్లూ ఒకటే మాట

అర నిమిషం. కచ్చితంగా చెప్పాలంటే ఇంకా తక్కువే. పొద్దున్నుంచి ముగ్గురు మగాళ్ళు భుజాలరిగేలా తోసినా కదలని ల్యాబ్ తలుపుని తాళాలతను ఒక సన్నటి ఇనపపుల్లతో తీసేసి, "రండి లోపలికి" అన్నాడు, సొంతింటికి పిలిచినట్టు.

అందరూ చప్పట్లు కొట్టారు. ల్యాబ్‌లో పనిచేసే ఒకామె మాత్రం కొట్టలేదు.

"ఇంత తేలిగ్గా తీశారంటే బాగా అనుభవం ఉన్నట్టుందే?"

"పదకొండేళ్ళండీ."

"అన్నీ ఇంటివాళ్ళు పిలిస్తేనే వెళ్ళి తీశారా?"

సంచి సర్దుకుంటున్నవాడల్లా ఆగి ఆమె వైపు చూశాడు. కోపం తెచ్చుకోలేదు. అది కూడా ఆమెకి తేడాగానే అనిపించింది.

"పిలవకుండా వెళ్ళేవాళ్ళు కార్డు ఇవ్వరండీ," అని తన తాళాల షాపు కార్డు ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ల్యాబ్‌లో ఆమెని జల్లెడ అంటారు. ఉద్యోగమే అలాంటిది. దొంగ వెబ్‌సైట్ తెరవబోతే స్క్రీన్ మొత్తం ఎర్రగా చేసి "వెళ్ళకు" అని ఆపే టూల్స్ బ్రౌజర్లలో ఉంటాయి కదా, వాటిని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చడం వాళ్ళ పని. రోజూ రెండొందల లింకుల్ని, మంచివీ చెడ్డవీ కలిపి, నాలుగు బ్రౌజర్ల మీదికి వదులుతారు. ఏది ఎంతమంది దొంగల్ని పట్టిందో, ఎంతమంది దొరల్ని దొంగలన్నదో రాసుకుంటారు. ఏదైనా కొత్త పేజీ తేడాగా కనిపిస్తే 'అనుమానం' అన్న బటన్ నొక్కుతారు. ఆ కబురు టూల్స్ తయారుచేసే కంపెనీలకి వెళ్తుంది.

జల్లెడకి ఆ బటన్ చూస్తే చెయ్యి ఊరుకోదు. పాలు విరిగితే ఫ్రిజ్‌ని వదిలేసి ఆవుని అనుమానించే రకం.

ఆ సాయంత్రం కార్డు మీదున్న అడ్రసు తెరిచింది. పేజీ అరకొరగా ఉంది. కింద ఒక ఫారం. మీ ఇంటికి తలుపులు ఎన్ని? ఏ రకం తాళాలు? ఇంట్లో ఎవరూ ఉండని వేళలు ఏవి?

"బీరువా ఏ గదిలో ఉందో కూడా అడగాల్సింది," అనుకుని బటన్ నొక్కేసింది. ఆ రోజు నొక్కిన ముప్పై ఏడింటిలో అదొకటి. మర్నాటికి మర్చిపోయింది.

మూడు వారాలకి అదే తలుపు మళ్ళీ మొరాయించింది. మేనేజరు విసుగెత్తిపోయి ఆఫీసులో ఉన్న పధ్నాలుగు తాళాలూ మార్చేయమన్నాడు. ఆ పని మీద తాళాలతను వారం రోజులు వచ్చాడు.

మొదటిరోజే జల్లెడ కుర్చీ అతనికి ఎదురుగా తిప్పుకుంది.

"నన్ను కాపలా కాస్తున్నారా?"

"నా పని నేను చేసుకుంటున్నాను."

"మీ స్క్రీన్ అటుందండీ."

మూడోరోజు ఆమె పనేమిటో అడిగి తెలుసుకున్నాడు. "మా తాళాల్లాంటివే అన్నమాట. ఏ తాళమూ దొంగని ఆపదండీ. ఆలస్యం చేస్తుందంతే."

"ఆ మాట చెప్పే అమ్ముతారా?"

"చెప్పే అమ్ముతాను. మా అమ్మ తిట్టేది అందుకే."

జల్లెడ ఫక్కున నవ్వింది. ల్యాబ్ మొత్తం తలలు తిప్పి చూసింది. అక్కడ ఆ నవ్వు అంతకుముందు విన్నవాళ్ళు లేరు మరి.

ఐదోరోజు పొద్దున అద్దం ముందు పది నిమిషాలు ఎక్కువ నిలబడింది. తన మీద తనకే అనుమానమేసింది.

ఆఖరిరోజు సాయంత్రం వాన పట్టుకుంది. పధ్నాలుగో తాళం బిగించి, అతను గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఎదురుగా కాఫీ షాపుంది. వాన తగ్గేదాకా కూర్చుందామా?"

"ఐదు నిమిషాలాగండి," అని లోపలికి పరుగెత్తింది. జుట్టు సరిచేసుకోవడానికి అనుకుంటారేమో, కాదు. అతని పేజీని నాలుగు బ్రౌజర్లలోనూ వేసి చూడటానికి.

నాలుగూ ఎర్రబడ్డాయి.

అతను మంచివాడే అయ్యుండాలని అంతలా కోరుకుంటున్నట్టు అప్పటిదాకా ఆమెకే తెలీదు. బయటికొచ్చి, కాఫీ మాటెత్తకుండా అడిగేసింది.

"మీ పేజీని అన్ని టూల్సూ ఎందుకాపుతున్నాయి?"

అతని మొహం పాలిపోయింది. "ఆపుతున్నాయా? అందుకేనా కొత్తవాళ్ళు ఒక్కరూ ఫోన్ చెయ్యట్లేదు? ఫోన్ పాడైందేమోనని రెండుసార్లు బాగుచేయించామండీ. షాపు మూసేద్దామంటోంది మా అమ్మ."

నటనేమో అనుకుంది జల్లెడ. "ఇంట్లో ఎవరూ లేని వేళలు మీకెందుకు?"

"ఆ వేళల్లో వెళ్ళకుండా ఉండటానికి! మెట్ల మీద కూర్చుని కూర్చుని తిరిగొచ్చిన రోజులున్నాయి."

"ఒక్క టూల్ అంటే పొరపాటు అనుకోవచ్చు. నలుగురూ ఒకటే మాట అంటున్నప్పుడు?"

"నలుగురూ విడివిడిగా చూసి అన్నారా? ఒకరు చెబితే ముగ్గురు విని అన్నారా?"

అతను సంచి నెత్తిన పెట్టుకుని వానలోకి దిగిపోయాడు.

మర్నాడు జల్లెడ కూపీ లాగింది. ఆ టూల్స్ ఒకదాని చిట్టా ఇంకోటి తెచ్చుకుంటాయని ఆమెకి తెలుసు. పోయినేడాది రిపోర్టులో ఆ లోపం రాసింది కూడా తనే. నాలుగోది మూడోదాన్ని చూసి రాసింది. మూడోది రెండోదాన్ని, రెండోది మొదటిదాన్ని. మొదటిదానికి కబురు ఎక్కడిదయ్యా అంటే, ఒకే ఒక్క ఫిర్యాదు. తేదీ, వేళ, పంపినవారి సీటు నంబరు ఏడు.

అది ఆమె సీటే. ఊరంతా కోడై కూస్తోందనుకుంటే, కూసిన కోడి ఒక్కటే, అదీ తనే.

నాలుగు కంపెనీలకీ తప్పు నాదని రాసింది. రెండు రోజుల్లో మూడు సరిచేశాయి. నాలుగోది మాత్రం "పరిశీలిస్తున్నాం" అంది.

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. పేజీ బాగుపడుతుంది, కాఫీ సంగతి మళ్ళీ చూసుకోవచ్చు. కానీ రేపెప్పుడైనా అతను తనని చూసి నవ్వితే, ఆ నవ్వు తీసుకునే మొహం తనకుండదు. సంచీ భుజాన వేసుకుని షాపుకి బయల్దేరింది.

షాపులో అతని అమ్మ మిషను మీద తాళంచెవి కోస్తోంది. జల్లెడని ఎగాదిగా చూసింది.

"ఏ తాళం అమ్మాయ్?"

"తాళం కాదండీ. మీ అబ్బాయితో మాట్లాడాలి."

"ఏం మాట్లాడాలి?" మిషను ఆపేసింది.

అనుమానించడంలో తనని మించినవాళ్ళు ఉన్నారని జల్లెడకి ఆ రోజే తెలిసింది. అతను లోపలి నుంచి వచ్చేదాకా ఆగి, ఇద్దరికీ కలిపి చెప్పేసింది.

"మీ పేజీ దొంగదని చెప్పింది నేనే. ఇంకెవరూ కాదు. మీరు అర నిమిషంలో తలుపు తీశారు, నాకు భయమేసింది. మిమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. మూడు టూల్స్ సరిచేశాయి, ఇంకోటి మిగిలింది."

అతను చేతిలోని తాళంచెవిని బల్ల మీద పెట్టేశాడు.

"పదకొండేళ్ళ పేరండీ," అన్నాడు చివరికి. ఆ గొంతుకి జల్లెడ కళ్ళు నిండిపోయాయి.

తల్లి కుర్చీ లాగి జల్లెడ ముందు వేసింది. "చెడగొట్టింది తనేనని వచ్చి చెప్పే మనిషిని ఇదే చూడటం. ఇంకోటి మిగిలిందన్నావుగా? అది బాగుపడేదాకా రోజూ వచ్చి సంగతి చెప్పి వెళ్ళు."

రోజూ వచ్చింది. మొదట్లో అతను ముక్తసరిగా మాట్లాడాడు. నాలుగోరోజుకి కాఫీ తెప్పించాడు. ఆరోరోజున పేజీలోని ఫారాన్ని ఇద్దరూ కూర్చుని తిరగరాశారు. ఒక్కో ప్రశ్నకీ ఆమె ఎందుకని అడగడం, అతను నవ్వుతూ చెప్పడం.

తొమ్మిదోరోజు పొద్దున నాలుగో బ్రౌజరు పేజీని శుభ్రంగా తెరిచేసింది. జల్లెడ ఎగిరి గంతేసింది. వెంటనే కూర్చుండిపోయింది. రేపటి నుంచి షాపుకి ఏమని వెళ్ళాలి?

"ఏమంటోంది మీ నాలుగోది?" అని తల్లి ఆ సాయంత్రం అడిగింది.

జల్లెడ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తప్పుడు రిపోర్టు ఇచ్చింది. "ఇంకా ఎర్రగానే ఉందండీ."

"అవునమ్మా," అన్నాడతను తలెత్తకుండా. "పొద్దున నేనూ చూశాను. ఎర్రగానే ఉంది."

జల్లెడ గిర్రున తిరిగింది. "మీరు చూశారా? ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"ఎనిమిదింటికే పోయిందది!"

అనేశాక నాలుక కరుచుకుంది. అతని చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

"మరి మీరెందుకు ఉందన్నారు?" అన్నాడు.

"ముందు మీరు చెప్పండి."

"అది పోతే మీరిక రారేమోనని."

"వచ్చేదాన్నే," అంది జల్లెడ. "పనేమీ లేకపోయినా వచ్చేదాన్ని. మీకోసం."

తల్లి మిషను మీద దుమ్ము తుడిచి, చేతులు దులుపుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని ఫోన్ తీసింది.

"మీ అమ్మ నంబరు చెప్పమ్మా," అంది.

జల్లెడ ఎందుకని అడగలేదు. గబగబా చెప్పేసింది.