సాత్విక కండ్ల అల్లుడు

భివండి నాగావ్‌ల ఆ మూతబడ్డ కార్ఖానా గల్లీకెల్లి చీకటి పడ్డంక ఎవ్వరు పోరు. సేట్ బట్ట నేసే సాంచెలన్ని ఎన్నడో అమ్ముకున్నడు, తలుపు తాళం తుప్పు పట్టింది. అయినా కరెంటు పోయి ఊర్లె సాంచెలన్ని ఆగినప్పుడు... లోపట ఒక్క సాంచె నడుస్తదట. అండ్ల పనిచేసుకుంట షాక్ కొట్టి సచ్చిన పిల్లగాడు ఇంక డ్యూటీ పాళీ దిగలేదంటరు.

అసొంటి గల్లీల మా ఆయన బిడ్డకు సంబంధం కుదుర్చుకొచ్చిండు. ఏం జెప్పాలె నా కర్మ!

ఏదో సత్సంగానికి పోయి సత్వం, రజస్సు, తమస్సు అని మూడు ముక్కలు నేర్చుకొచ్చిండు. గప్పటిసంది ఇంటికెవడొచ్చినా టార్చి మొఖం మీద కొట్టుడు, కండ్లల్లకు చూసుడు. ఎర్రగుంటే రజోగుణం. మూతలు పడుతుంటే తమోగుణం. "సాత్వికుని కండ్లల్ల అలజడి ఉండదే" అంటడు. అరే, రాత్రి పాళీ చేసి, నూలు దుమ్ము కండ్లల్ల పడ్డోనికి ఎర్రగుండక ఎట్లుంటయి?

గైబీ నగర్‌ల సాంచెలు నడిపే హరీశ్ అంటే మా నవీనకు పానం. బుద్ధిమంతుడు, మనోడే. ఈయనేమో "ఎర్ర కండ్లోడు, రజోగుణం" అని మొఖం తిప్పుకున్నడు. ఆఖరికి హరీశ్ వాళ్లవ్వకు యాష్టకొచ్చింది. "ఆదివారం లోపట అవునో కాదో చెప్పుండ్రి, లేకుంటే వేరే పిల్లను చూసుకుంటం" అన్నది. నా బిడ్డ తిండి మానేసింది. నేను మొత్తుకున్న. గోడకు చెప్పినా ఇంటదేమో గని ఈయన ఇనడు!

శనివారం పొద్దుగూకినంక, "కాదు" అని చెప్పొస్తనని బయలెల్లిండు. దగ్గరి దారని ఆ గల్లీ పట్టిండు. ఇంక ఆయన చెప్పిందే చెప్తున్న —

నడిమిట్ల కరెంటు పోయింది. భివండి మొత్తం సప్పుడు ఒక్కపారి ఆగింది. చెవులల్ల గుయ్యిమంటున్నది... అప్పుడు — టక్... టక్...

కార్ఖానా అరుగు మీద ఒక పిల్లగాడు కూసున్నడట.

మా ఆయనకు భయమైందా? కాలే! టార్చి తీసి కండ్లల్లకు కొట్టిండు. తెల్లటి కండ్లు... కోపం లేదు, ఆశ లేదు, నిద్ర లేదు. దెయ్యం సంగతే మర్శిపోయిండు మనిషి.

"పెండ్లైందా?"

"కాలేదు... మామా." గుసగుసగ.

"మనోళ్లేనా?"

"మనోళ్లమే."

"అయితే నా బిడ్డను నీకే ఇస్త. మాట!" అని చేతుల చెయ్యేసిండు. చెయ్యి సల్లగున్నదట.

ఉరుక్కుంట ఇంటికొచ్చిండు. "దొరికిండే! అసలు సాత్వికుడు! టార్చి కొడితే రెప్ప కొట్టలే!"

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టుమన్నడట ఎన్కటికెవడో.

"ఒక్కపారన్న కొట్టలేదా?" అని అడిగిన.

"కొట్టలే."

"బతికున్నోడు రెప్ప కొట్టకుండ ఉంటడా? తాళమేసిన కార్ఖానా కాడ... ఎవనికి ఇచ్చొచ్చినవయ్యా నా బిడ్డను?"

అప్పుడు పాలిపోయింది ఆయన మొఖం.

తెల్లారంగనే హరీశోళ్లను నేనే పిలిపిచ్చిన. ఈసారి ఈయన టార్చి ముట్టలే. పండ్లు, వక్కాకు మార్చుకుందమని అందరం కూసున్నం.

పట్టపగలు... కరెంటు పోయింది. సాంచెలన్ని ఆగినయి. తలుపు అవతల ఎవరో —

"మామా... మాటిచ్చినవ్ గద."

నవీన నా కొంగు పట్టుకున్నది. నాకైతే భయం కన్నా ముందుగాల ఒళ్లు మండింది. ఇన్నొద్దుల కోపం ఒక్కపారి బయటవడ్డది.

"మాటిచ్చినోడు ఈడనే ఉన్నడు! కావాల్నంటే ఆయన్నే తీస్కపో! నా బిడ్డ జోలికొస్తే ఊకోను!"

తలుపు అవతలకెల్లి మెల్లగ, ఏ కోపం లేని గొంతుతోని...

"సరే... అత్తా."

లగ్గమైంది. నవీన హరీశ్ సుఖంగున్నరు. నేనే... కరెంటు పోతే చాలు, తిట్టుకుంటనే మా ఆయన చెయ్యి గట్టిగ పట్టుకోని కూసుంటున్న.