మూడో పిలుపు

ఆ ఇంట్లో మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు.

పాడర్‌బోర్న్ నుంచి కొండ వైపు అరగంట పోతే వస్తుంది ఆ ఇల్లు. ఊరి పేరు చెప్పను. ఇంటి పేరు అసలే చెప్పను — వకీలు నోటీసులు అందుకునే ఓపిక నాకు లేదు. వయసు మీద పడి ఒంటరిగా ఉండలేనివాళ్లని చూసుకునే ఇల్లు అది. జర్మన్‌లో ఫ్లేగెహైమ్ అంటారు. నలభై ఎనిమిది మంది ఉంటారు. ముందు గులాబీలు, వెనక అడవి, లోపల ఎప్పుడూ ఉడికిన బంగాళాదుంపల వాసన.

ఆ చివరి గది నంబరు ముప్ఫై ఒకటి. రెండేళ్లుగా ఖాళీ. పగలు తలుపు తీసి చూస్తే ఒక మంచం, ఒక బీరువా, ఒక కిటికీ, అంతే. కానీ రాత్రి ఒంటిగంట దాటాక... అందులోంచి పిలుపు వస్తుందట.

"ష్వెస్టర్..."

నర్సుని ఇక్కడ అలాగే పిలుస్తారు. ఆడగొంతు. సన్నగా, గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టు. కాసేపాగి మళ్లీ — "ష్వెస్టర్..."

అంతే. మూడోసారి పిలుపు రాదు. ఎన్నడూ రాలేదట.

ఇదంతా నాకు చెప్పింది సహానా. కాకినాడ పిల్ల. ఇక్కడ యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివి, ఇప్పుడు ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తోంది. సర్కారు డబ్బుతో నడిచే ఆఫీసు. ఇలాంటి ఇళ్లలో ఉండే పెద్దవాళ్లకి ఏ కష్టమొచ్చినా ఆ ఆఫీసుకి ఉత్తరం రాయొచ్చు, వాళ్లొచ్చి పెద్దవాళ్ల తరఫున నిలబడి అడుగుతారు. రాసినవాళ్లు ఒప్పుకుంటే తప్ప వాళ్ల పేరు బయటపెట్టరు. ముందుగా చెప్పకుండా కూడా వస్తారు. నన్ను ఆంటీ అనొద్దని ఆ పిల్లకి వందసార్లు చెప్పాను. నాకింకా నలభై నాలుగే. వినదు.

నిరుడు అక్టోబరులో వాళ్లకి ఒక ఉత్తరం వచ్చింది. ఆ ఇంట్లో ఇరవై రెండో గదిలో ఉండే ఫ్రావ్ హెన్నిగ్ రాసింది. ఫ్రావ్ అంటే శ్రీమతి. ఎనభై ఏడేళ్లు. చేతిరాత వంకర్లు పోయింది గానీ మాట సూటిగానే ఉంది. 'రాత్రుళ్లు నన్ను నా గదిలోంచి తీసుకుపోతారు. ఎక్కడికో తెలియదు. పిలుస్తాను. ఎవరూ రారు. తెల్లారేసరికి మళ్లీ నా మంచం మీదే ఉంటాను.'

సహానా, ఆమె పై ఆఫీసరు ఫ్రావ్ బ్రింక్‌మన్ కలిసి ఒక మధ్యాహ్నం వెళ్లారు. ఆ ఇల్లు నడిపేవాళ్లు ఆవిడ ఫైలు చూపించి నవ్వారు. మతిమరుపు ఉందండీ, కలలకీ నిజానికీ తేడా తెలియదు అన్నారు. వచ్చేసే ముందు ఫ్రావ్ హెన్నిగ్ సహానా చెయ్యి పట్టుకుంది. ఎముకలే తగిలాయట.

"పగలు కాదమ్మా. రాత్రి రా."

"వస్తాను," అంది సహానా.

"నేను పిలిస్తే వస్తావా?"

"వస్తాను."

ఈ కథంతా ఆ మాట మీదే ఉంది.

ఇప్పుడు మేరీకుమారి సంగతి చెప్పాలి. అమలాపురం మనిషి. ఆ ఇంట్లో రాత్రి డ్యూటీ నర్సు. సహానా ఈ ఊళ్లో దిగిన రోజు స్టేషనుకి వెళ్లి పెట్టె మోసింది ఆమే. గది దొరికేదాకా రెండు నెలలు తన ఇంట్లో పెట్టుకుంది. జ్వరమొస్తే చారన్నం కలిపి తినిపించింది. ఆదివారం చర్చికి వెంటబెట్టుకుపోయింది. సహానాకి అక్క అంటే ఆమే. అక్కడ తనకి తెలిసిన మనిషి ఉందని సహానా ముందే ఫ్రావ్ బ్రింక్‌మన్‌కి చెప్పింది కూడా. సరే, ఆఫీసు మాటలు ఆమెతో మాట్లాడకు అందావిడ. సహానా మాట్లాడలేదు. ఒట్టు.

రాత్రి వెళ్లడానికి ముహూర్తం పెట్టుకున్నారు. ఫ్రావ్ బ్రింక్‌మన్ బీలెఫెల్డ్ నుంచి నేరుగా వస్తానంది. సహానాకి కారు లేదు, ఆ వేళ బస్సు లేదు. ఏం చేస్తుంది? మనవాళ్లందరూ ఏం చేస్తారో అదే చేసింది.

మాకో వాట్సాప్ గ్రూపుంది. పాడర్‌బోర్న్ తెలుగువాళ్లందరం ఉంటాం. ఇడ్లీ రవ్వ ఎక్కడ దొరుకుతుంది, వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికిందా, ఫలానా ఇంటికి అద్దె ఎంత — పొద్దస్తమానం ఇదే గోల. అందులో పెట్టింది: 'గురువారం రాత్రి పదకొండున్నరకి ఎవరైనా కొండ వైపు వెళ్తున్నారా? కారులో ఒక్క చోటు కావాలి.' నేనే దింపుతానని అందరూ చూసేట్టు జవాబు కూడా పెట్టాను, పెద్ద ఉపకారిలాగా.

ఆ రాత్రి ఏమీ దొరకలేదు. ఫ్రావ్ హెన్నిగ్ తన గదిలో తన మంచం మీదే ఉంది. లేపినా లేవనంత నిద్ర. మిగతా గదులూ చూశారు. ముప్ఫై ఒకటో గది ఖాళీ. దుప్పటి మడత నలగలేదు. మేరీకుమారి టీ ఇచ్చి, ఎవరూ చూడకుండా సహానా బుగ్గ గిల్లి పోయింది.

వచ్చేటప్పుడు మెట్ల దగ్గర దనూటా ఆపింది. పోలండు మనిషి. యాభై దాటిన ఆయా. గొంతు తగ్గించి ఆ గది సంగతి చెప్పింది. "నేను విన్నాను. చాలాసార్లు. రెండుసార్లే పిలుస్తుంది. మూడోసారి పిలిచేదాకా పలకకూడదు, తలుపు తీయకూడదు... రెండుతో ఆగిపోయేది మనిషి కాదు."

కారెక్కాక సహానా ఇదంతా చెప్పి నవ్వింది. "మా నాయనమ్మ ఇదే చెప్పేదండీ ఆంటీ! రాత్రి ఎవరైనా పిలిస్తే మూడోసారికి గానీ పలకొద్దు, దెయ్యం రెండుసార్లే పిలవగలదు అని. అన్ని దేశాల్లోనూ ఒకటే దెయ్యం కాబోలు."

నాకు నవ్వు రాలేదు. మా కరీంనగర్‌లో మా అమ్మా ఇదే అనేది. పదహారేళ్లుగా ఈ దేశంలో ఉన్నాను, ఈ మాట ఒక్క తెల్లమనిషి నోట వినలేదు.

"గా ముచ్చట మనోళ్లదే. ఆమెకు ఎవలు చెప్పిన్రు?"

చాలా దూరం పోయాక సహానా మెల్లిగా అంది, "అక్క చెప్పి ఉంటుందండీ. సరదాకి."

ఆ ఆదివారం చర్చి అయ్యాక మేరీకుమారి ఇంట్లో భోజనం. చేపల పులుసు. ఆఫీసు మాట ఎత్తకుండా, ఊరికే అడిగినట్టు అడిగింది సహానా — ఆ చివరి గదిలో నిజంగా ఏమైనా ఉందా అక్కా?

మేరీకుమారి గరిటె పక్కన పెట్టిందట. ముఖం గంభీరంగా పెట్టి, చెవి దగ్గరకొచ్చి అంది. "ఉందమ్మా. నా చెవులతో విన్నాను. నువ్వా గది జోలికెళ్లకు. ఒకవేళ వినపడిందే అనుకో... పలక్కు. నా మీద ఒట్టు."

చేపల పులుసు తింటూ ఆ మాట నమ్మింది సహానా. నేనైనా నమ్మేదాన్నేమో. అన్నం పెట్టిన చెయ్యి కదా.

రెండు వారాలకి ఇంకో ఉత్తరం వచ్చింది. మూడే ముక్కలు. 'మీరు వచ్చిన రాత్రి నాకు నిద్రమాత్ర ఎక్కువ ఇచ్చారు. మళ్లీ రండి. ఎవరికీ చెప్పకుండా రండి.'

ఫ్రావ్ బ్రింక్‌మన్ ఆ రాత్రే బయల్దేరదామంది. ఎవరికీ చెప్పకుండా అన్న మాట పట్టుకుని సహానా ఈసారి గ్రూపులో పెట్టలేదు. నాకు ఫోన్ చేసింది. రాత్రి ఒంటిగంటకి వాళ్లని గేటు దగ్గర దింపి, నేను అడవి పక్కన కారులో అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాను. లోపల జరిగింది సహానా చెప్పినట్టే చెబుతున్నాను.

తలుపు దనూటా తీసింది. వీళ్ల ఆఫీసు కార్డు చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. ఫ్రావ్ బ్రింక్‌మన్ ఆమెని అక్కడే కూర్చోబెట్టి రిజిస్టర్లు అడిగింది, సహానాని ఇరవై రెండో గది చూసి రమ్మంది.

ఇరవై రెండో గదిలో మంచం ఖాళీ. దిండు మీద తల ఆనించిన గుంట కూడా లేదు.

సహానా మెట్లెక్కింది. మూడో అంతస్తు. అక్కడ దీపాలు మనిషి కదిలితేనే వెలుగుతాయి. అడుగేస్తే ఒకటి వెలుగుతుంది... దాటగానే వెనకది ఆరిపోతుంది. ముందూ చీకటే, వెనకా చీకటే. మధ్యలో తనొక్కతే. చెప్పుల చప్పుడు తనకే భయం పుట్టించిందట.

చివరి తలుపు. ముప్ఫై ఒకటి.

పిడి మీద చెయ్యి వేసింది. అప్పుడు —

"ష్వెస్టర్..."

తలుపు అవతల నుంచే. చెయ్యి పిడి మీదే బిగుసుకుపోయింది. నాయనమ్మ గుర్తొచ్చింది. అక్క ఒట్టు గుర్తొచ్చింది.

"ష్వెస్టర్..."

రెండు.

సహానా ఊపిరి బిగబట్టి నిలబడింది. ఇంకొక్కసారి పిలిస్తే చాలు. మనిషైతే పిలుస్తుంది. మూడోసారి పిలవగానే తలుపు తీసేస్తాను, దేవుడి తోడు తీసేస్తాను అనుకుంటూ... ఎదురుచూసింది. కదలకుండా నిలబడింది కదా, నెత్తి మీద దీపం కూడా ఆరిపోయింది.

మూడోది రాలేదు.

చీకట్లో ఎవరో వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశారు.

"పలకొద్దమ్మా..." తెలుగులో. గుసగుసగా. "మూడోసారి పిలవలేదుగా."

దీపం వెలిగింది. మేరీకుమారి. నర్సు బట్టల్లో, మెడలో శిలువ, చేతిలో మందుల ట్రే.

అప్పుడు లోపల దగ్గు వినిపించింది. దెయ్యాలు దగ్గుతాయని ఏ నాయనమ్మా చెప్పలేదు. సహానా భుజం మీద చెయ్యి విదిలించుకుని తలుపు నెట్టింది.

మంచానికి రెండు వైపులా కమ్మీలు ఎత్తి ఉన్నాయి. మధ్యలో ఫ్రావ్ హెన్నిగ్. పల్చటి దుప్పటి. చేతికందాల్సిన బెల్లు తాడు పైన దీపం కొక్కేనికి చుట్టేసి ఉంది — మంచం మీది మనిషి ఎంత చాచినా అందనంత ఎత్తున. ముసలావిడ నోరు తెరిచే ఉంది. పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు.

సహానా బెల్లు తాడు విప్పి ఆవిడ చేతిలో పెట్టింది. ఒక కమ్మీ దించింది. రెండోది దిగలేదు.

"నలభై ఎనిమిది మందికి ఇద్దరమే," అంది మేరీకుమారి గుమ్మంలోంచి. "ఈవిడొక్కతే రాత్రికి ముప్ఫైసార్లు బెల్లు కొడుతుంది. ఒకరు లేస్తే ఫ్లోరంతా లేస్తుంది. నేనేం చేసేది? నా కాంట్రాక్టు వీళ్ల చేతిలో ఉంది, నీకు తెలీదా?"

మేరీకుమారి కాసేపు చూసి, నిజంగా అర్థంకాని మనిషిలా అడిగింది.

"ఈసారి గ్రూపులో పెట్టలేదేం?"

ఆ మాటతో ఒళ్లు చల్లబడిందట సహానాకి. గదిలోంచి పిలుపు విన్నప్పుడు కూడా అంత చల్లబడలేదు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. ఫ్రావ్ బ్రింక్‌మన్ ఫొటోలు తీసింది, రిపోర్టు పంపింది, పైవాళ్లు వచ్చారు. ఆ గదికి తాళం పడింది. రాత్రి డ్యూటీకి ఇంకో నర్సుని వేశారు, అదేదో ముందే వేయొచ్చు కదా. ఒక రోజు పొద్దున్నే మా గ్రూపులో, ఇడ్లీ రవ్వ మాటల మధ్య, మేరీకుమారి గ్రూపు వదిలి వెళ్లిపోయినట్టు చిన్న అక్షరాలతో ఒక వరస కనిపించింది. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆమె పెట్టిన చారన్నం మాలో చాలామంది తిన్నవాళ్లమే.

మొన్న సహానా మా వంటింట్లో కూర్చుని ఇదంతా చెప్పి ఏడ్చింది. అక్క ఇంత మోసం చేసిందనే కదా ఏడుస్తున్నావు, ఊరుకో అన్నాను.

"అందుకు కాదండీ," అంది. ముక్కు తుడుచుకుంది.

"ఆ రాత్రి బెల్లు చేతికిచ్చాక ఫ్రావ్ హెన్నిగ్ నా చెయ్యి వదల్లేదు ఆంటీ. నీళ్లు తాగించాను. ఊపిరి కూడదీసుకోవడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. గట్టిగా రెండుసార్లు పిలిస్తేనే ఆయాసం వచ్చేస్తుంది... మూడో పిలుపుకి గొంతు రాదు. రెండేళ్లుగా అంతేనట. అప్పుడు అడిగింది నన్ను."

"ఏమని?"

"నీ అడుగులు విన్నాను, నువ్వేనని గుర్తుపట్టాను, తలుపు దగ్గరకొచ్చి ఆగావు... రెండుసార్లు పిలిచాను కదమ్మా, ఎందుకు రాలేదు — అని."