మూడు వందల తుపాకుల్లో ఒకటి

"రేపు మధ్యాహ్నం పన్నెండుకి హింటర్‌టాల్ గోదాము నుంచి మూడు వందల పాత సైనిక తుపాకులు లారీలో బయల్దేరి సరిహద్దు దాటతాయి," అన్నాడు కర్నల్ అంబూల్. "ఒకదాంట్లో మన సొరంగాల మైక్రోఫిల్మ్ ఉంది."

బెర్న్ ఆఫీసులో ఏజెంట్ ఊర్స్ కామెన్‌జింద్ కాఫీ కప్పు కింద పెట్టాడు. యుద్ధం వస్తే లోయ దారులు మూసెయ్యడానికి ఏ సొరంగంలో ఎక్కడ మందుగుండు పెట్టారో ఆ ఫిల్ములో ఉంది. వాటిలో ఒక సొరంగం ఊర్స్ పుట్టిన ఊరి నెత్తిమీదే ఉంది. ఆ ఫిల్ము శత్రువు చేతిలో పడితే ఆ లోయకు తలుపు లేనట్టే.

"లారీని ఆపేద్దాం," అన్నాడు.

"ఆపితే దొంగ జాగ్రత్త పడతాడు. ఇంకో కాపీ ఇంకో దారిన పోతుంది. నాకు ఫిల్మూ కావాలి, మనిషీ కావాలి. తుపాకులు చూసే ఇన్‌స్పెక్టరుగా వెళ్ళు. అక్కడ మన మనిషి ఒకరున్నారు. 'మా ఊళ్ళో ఇంకా మంచు కరగలేదు' అంటారు."

మర్నాడు ఏడింటికల్లా దళసరి కళ్ళద్దాలతో, అతికించిన మీసంతో ఊర్స్ గోదాములో ఉన్నాడు. చేతిలో పెన్ను లాంటి దీపం. గొట్టంలో దూరిస్తే లోపలి మరకలు చూపిస్తుంది, గుండీ నొక్కితే ఎదుటివాళ్ళ ఫొటో తీస్తుంది.

పెట్టెలు మోసే కూలీలు కాక అక్కడున్నది ఇద్దరే. ఒకరు కోబి గిస్లర్, ముప్ఫయ్యేళ్ళుగా అక్కడ తుపాకులు బాగుచేస్తున్న ముసలాయన. రెండో మనిషి లిలియాన్ రోషా, కొన్నవాళ్ళ తరఫున జెనీవా నుంచి వచ్చింది. నక్కతోలు కోటు, పొడుగాటి సిగరెట్ హోల్డరు. ఆమె మీద బెర్న్‌లో రెండు ఫైళ్ళున్నాయి. ఒకదాంట్లో ఆమె మనకు పనిచేస్తోంది, రెండోదాంట్లో శత్రువులకు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషిని నమ్మడం ఊర్స్‌కి చేతకాదు.

కోబి రాక్‌ల వైపు చెయ్యి చూపించాడు. "సైనికులు ఇళ్ళనుంచి తెచ్చి అప్పజెప్పినవి సార్. వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. ఒక్క స్క్రూ కూడా నేను ముట్టుకోలేదు."

నిమిషానికొక తుపాకి. బోల్టు మీద నంబరూ తుపాకి ఒంటి మీద నంబరూ కలవాలి. భుజానికి ఆనించే మడమ దగ్గర కర్రంతా సొట్టలే, బూట్లకంటిన మంచు రాలగొట్టడానికి వాటి మేకుల అడుగులతో తన్నిన గుర్తులు. మడమకు రెండు స్క్రూలతో బిగించిన ఇనపరేకు కింద తుపాకి ఎవరిదో ఆ సైనికుడి పేరూ చిరునామా రాసిన అట్టముక్క ఉంటుంది. ఫిల్ము దాచడానికి అంతకంటే మంచి చోటు లేదు. కానీ మూడు వందల రేకులు విప్పే టైము లేదు. అనుమానం తగిలినవే విప్పాడు. చూసినవి చూసినట్టు పెట్టెల్లో మేకులు కొట్టించుకుని లారీ ఎక్కుతున్నాయి.

లిలియాన్ అతని వెనకే తిరిగింది. త్వరగా కానివ్వమని రెండుసార్లు తొందరపెట్టింది. నూట పదిహేడో నంబరు తీసి, ఇది మా క్లయింటు గోడకి బావుంటుందంది. ఊర్స్ వెంటనే దాని రేకు విప్పాడు. అట్టముక్క తప్ప ఏమీ లేదు. ఆమె నవ్వింది. అతనికి ఒళ్ళు మండింది. మంచు ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

పన్నెండుకి పది నిమిషాలుండగా చివరి పెట్టె లారీ ఎక్కింది. ఊర్స్ ఓడిపోయాడు. సొంత ఊరు కళ్ళలో మెదిలింది.

"కాఫీ తాగి వెళ్ళండి," అన్నాడు కోబి. కాఫీమరకి పిడి వదులుగా ఉంటే స్క్రూ బిగించాడు. బిగిశాక ఇంకాస్త తిప్పి, దాని తలమీది గాడిని నిలువుగా నిలబెట్టాడు.

ఊర్స్ చూపు గోడమీదికి పోయింది. స్విచ్చు పలక స్క్రూలు, బీరువా బందుల స్క్రూలు, అన్నిటి గాళ్ళూ నిటారుగా ఉన్నాయి. పశువులపాకలో కూచుని చాకుతో బిగించుకునే సైనికుడికి ఆ ఓపిక ఎక్కడిది? పొద్దున్న చూసిన తుపాకులన్నిటికీ గాళ్ళు తలో దిక్కే. ఒక్క రెండో పెట్టెలో మాత్రం ఒకదానికి రెండూ నిటారుగా ఉంటే, శుభ్రమైన సైనికుడనుకుని తనే దాటించేశాడు.

అతను లేచాడు. కోబి చెయ్యి సొరుగులోకి వెళ్ళింది. అంతలో సిగరెట్ హోల్డరు కొన కోబి చెవి వెనక ఆనింది.

"ఇందులో ఒక తూటా కూడా ఉంది తాతా," అంది లిలియాన్. ఊర్స్ వైపు తిరిగింది. "మా ఊళ్ళో ఇంకా మంచు కరగలేదు. ముందు మీరే అంటారేమోనని పొద్దుట్నుంచీ చూస్తున్నాను. మిమ్మల్నే దొంగనుకున్నాను."

అప్పటికే లారీ కదిలింది. ఊర్స్ పరిగెత్తి, మెట్టెక్కి, కిటికీలోంచి తాళంచెవి లాగేశాడు. లారీ గేటుకి మూరెడు దూరంలో ఆగింది. చర్చి గంట పన్నెండు కొట్టింది.

రెండో పెట్టెలోంచి ఆ తుపాకి తెచ్చి బల్లమీద రేకు విప్పాడు. 'కార్పొరల్ ఆంటన్ ఫురెర్, పాలకేంద్రం' అని రాసిన అట్టముక్క కింద గోరంత ఫిల్ము.

"ఎందుకు చేశావయ్యా?" అన్నాడు ఊర్స్.

కోబి లిలియాన్ తగిలించిన బేడీల వైపు చూసుకున్నాడు. "పాతబడ్డాయని తుపాకుల్ని అమ్మేస్తున్నారు. వాటితో పాటు నన్నూ పొమ్మన్నారు. వాటినైనా కొనేవాడున్నాడు. సరిహద్దు అవతలివాళ్ళొక్కళ్ళే నాతో పనుందన్నారు."

ఊర్స్‌కి జాలేసింది, కోపమూ తగ్గలేదు. రేకు మళ్ళీ పెట్టి స్క్రూలు బిగించాడు. కోబి మెడ చాచి చూశాడు. చూసి ఊరుకోలేకపోయాడు.

"రెండోది ఇంకో పావు తిప్పు బాబూ," అన్నాడు.

ఊర్స్ తిప్పాడు.