ముప్ఫై ఒకటో గుంత

ఏప్రిల్ పందొమ్మిది, సోమవారం. ఉదయం ఆరూ నలభై.

గుంతలో ఉన్నది మనిషని ఎఫ్రైన్ ముందు అనుకోలేదు. ఎరువు బస్తా జారిపడిందనుకున్నాడు. నాలుగడుగులు దగ్గరికి వచ్చాక బూట్లు కనిపించాయి.

ఆ బూట్లు అతని యజమానివి. హార్లన్ స్టోడార్డ్, డెబ్బై ఒక్క ఏళ్లు. మెండొసీనో కొండల్లో నలభై ఐదేళ్లుగా గంజాయి పండిస్తున్నవాడు. చాలాకాలం దొంగచాటుగా, ఈమధ్యే లైసెన్సుతో.

నడుములోతు గుంత. బోర్లా పడి ఉన్నాడు. కణత కింద రాయి.

డిటెక్టివ్ రూత్ మకాడో వచ్చేసరికి ఏడూ యాభై ఐదు. డెప్యూటీ బ్రూక్స్ అప్పటికే నోట్‌బుక్ జేబులో పెట్టేశాడు.

"యాక్సిడెంటే మేడమ్. మసక వెలుతురు, కాలు జారింది, రాయి తగిలింది."

"రాయి మీద రక్తం ఉందా?"

"ఉంది."

"రాయి కింద మట్టిలో?"

బ్రూక్స్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నోట్‌బుక్ మళ్లీ బయటికి తీశాడు.

"లేదు మేడమ్."

ఫోన్ మోగింది. పై అధికారి, లెఫ్టినెంట్. మధ్యాహ్నానికల్లా రిపోర్టు రాసి పంపమన్నాడు. మూడు గంటలకి పెద్ద వాన అని రేడియో చెబుతోంది. వాన పడితే గుంత గోడలు కూలతాయి. రూత్ ఒకచోట నిలబడలేకపోయింది. శవాన్ని పైకి తీస్తున్నంతసేపూ ఆ మెట్టంతా కలియతిరిగింది.

కొండ వాలులో అది అన్నిటికంటే కింద ఉన్న మెట్టు. మొక్కలు నాటడానికి తవ్విన గుంతలు, వరసకి పది చొప్పున మూడు వరసలు. నాలుగో వరసలో చిన్న ఎర్రజెండాలు మాత్రమే ఉన్నాయి. ఆ వరసలో మొదటి జెండా దగ్గర ఈ గుంత.

"ఇది ఎప్పుడు తవ్వారు?"

ఎఫ్రైన్ టోపీ చేతిలో నలుపుతున్నాడు. "మేము తవ్వలేదు మేడమ్. శనివారం ముప్ఫైతో ఆపేశాం. నిన్న సెలవు. ఇవాళ ఇక్కణ్ణుంచే మొదలెట్టాలి."

"హార్లన్ తెల్లారే వచ్చి తవ్వాడేమో."

"ఆయనా?" ఎఫ్రైన్ తల అడ్డంగా ఊపాడు. "ఆ కుప్ప చూడండి. నల్లమట్టీ పసుపు బంకమన్నూ కలిసిపోయాయి. మిగతా ముప్ఫై చూడండి. నల్లది ఎగువన, పసుపుది దిగువన, రెండు కుప్పలు. నల్లది కంపోస్టుతో కలిపి మళ్లీ గుంతలో పోస్తాం. బంకమన్ను పడితే వేరు ఊపిరాడక చస్తుంది. ఒక పారెడు అటుదిటు పడినా నన్ను మధ్యాహ్నం దాకా తిట్టేవాడు." టోపీ నెత్తిన పెట్టుకోబోయి ఆగాడు. "ఆరేళ్లు తిట్టాడు మేడమ్. ఎవరో పనిరానివాడు తవ్విన గుంత ఇది."

"లేకపోతే బాగా తొందరలో ఉన్నవాడు," అంది రూత్.

తొమ్మిదీ ఇరవై. ఇంట్లో హార్లన్ కూతురు టాన్సీ వంటగదిలో అటూ ఇటూ నడుస్తోంది. ముప్ఫై ఒక్క ఏళ్లు. కాఫీ పోసింది, తాగలేదు. మళ్లీ పోసింది.

"నాన్న ఎప్పుడు లేచాడు?"

"ఐదున్నరకి తలుపు చప్పుడైంది. మొలకలకి నీళ్లు పెట్టడానికి వెళ్తున్నాడనుకున్నా. రోజూ అంతే."

"మొలకలున్న షెడ్డు నుంచి కింది మెట్టు కనిపిస్తుందా?"

"మొత్తం కనిపిస్తుంది."

"ఆ మెట్టులో ఇంతకుముందు ఏం వేశారు?"

"నాకు తెలిసి ఏమీ వెయ్యలేదు. నేను పుట్టకముందు వేసేవారట. అక్కడ మంచు దిగి మొక్కలు మాడిపోతాయని పక్క కొండ మీది వెర్న్ అంకుల్ ఎప్పుడూ అనేవాడు. నాన్న నమ్మాడు. నేను నమ్మలేదు. చలికాలమంతా థర్మామీటర్ పెట్టి చూశా. పై మెట్టుకీ దానికీ తేడా లేదు. అందుకే మట్టి పరీక్షకి పంపించా."

రిపోర్టు ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. తొమ్మిది నమూనాలు, తొమ్మిది వరసల అంకెలు. ఒక వరస చుట్టూ టాన్సీ పెన్సిల్‌తో సున్నా చుట్టింది.

"ఇదేంటి?"

"అది ముప్ఫై ఒకటో జెండా దగ్గర మట్టి. ఫాస్ఫరస్, కాల్షియం మిగతావాటికంటే నాలుగైదు రెట్లు. శనివారం భోజనాల దగ్గర చదివి వినిపించా. ఎవరో ఎముకల పొడి బస్తా ఇక్కడే ఒంపేసి ఇంటికి పోయాడు, బద్ధకస్తుడని నాన్న నవ్వాడు. ఆ ఒక్క గుంతకి ఎరువు దండగ అన్నాడు."

"ఎవరెవరున్నారు అప్పుడు?"

"నాన్న, నేను, ఎఫ్రైన్, వెర్న్ అంకుల్. ఐలీన్ ఆంటీకి తలనొప్పని రాలేదు."

పదకొండింటికి వెర్న్, ఐలీన్ వచ్చారు. పక్క కొండ మీది మేకల ఫారం వాళ్లది. వెర్న్ కోల్బీకి అరవై ఆరు, హార్లన్‌కి మొదటినుంచీ స్నేహితుడు. భార్య ఐలీన్ చేతిలో వేడి వేడి నూడిల్స్ గిన్నె, పైన గుడ్డ కప్పి ఉంది. టాన్సీని పట్టుకుని ఏడ్చింది.

రూత్ వెర్న్‌ని వరండాలోకి పిలిచింది.

"ఉదయం ఐదున్నరకి ఎక్కడున్నారు?"

"పాలు పితుకుతున్నాను."

"ఎన్నింటి దాకా?"

"ఏడు."

"ఎవరైనా చూశారా?"

"మేకలు చూశాయి. నన్నెందుకు అడుగుతున్నారు ఇదంతా?"

"అందరినీ అడుగుతున్నాను. మీకు తోబుట్టువులున్నారా?"

అలవాటుగా అడిగిన ప్రశ్నే అది. రిపోర్టు ఫారంలో కుటుంబ వివరాల గడి నింపడానికి. కానీ వెర్న్ ముందు తలుపు వైపు, లోపలున్న ఐలీన్ వైపు చూశాడు.

"తమ్ముడు. లైల్. ఎనభై ఏడులో అలాస్కా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు."

ఒంటిగంటా పదికి రూత్ చిన్న తాపీ పట్టుకుని గుంతలోకి దిగింది. మేఘాలు కొండ తల మీదికి వచ్చేశాయి. గాలికి ఎర్రజెండాలు పటపటమంటున్నాయి.

ఈసారి ఆమె నేల చూడలేదు. గోడలు చూసింది.

మూడు వైపులా గీత గీసినట్టు ఉంది. పైన అడుగున్నర నల్లమట్టి, కింద పసుపు బంకమన్ను. ఎగువ గోడలో ఆ గీత లేదు. పైనుంచి కింది దాకా నల్లవి, పసుపువి గడ్డలు కలగలిసి ఉన్నాయి. తాపీతో గీకింది. ఎప్పుడో తవ్వి మళ్లీ పూడ్చిన చోటులా మట్టి మెత్తగా రాలింది. మరో జానెడు లోపలికి పోయేసరికి ఏదో తగిలింది.

బూటు అడుగు.

"బ్రూక్స్," అంది. "టార్పాలిన్ తీసుకురా. కరోనర్ ఆఫీసుకి ఫోన్ చెయ్. ఇంకో మనిషి ఉన్నాడని చెప్పు."

రెండూ ఇరవైకి అందరినీ మొలకల షెడ్డులోకి రమ్మంది. ప్లాస్టిక్ కప్పు మీద మొదటి చినుకులు పడుతున్నాయి. టాన్సీ, ఎఫ్రైన్ ఒకవైపు. వెర్న్, ఐలీన్ ఇంకోవైపు. మధ్యలో బల్ల మీద జానెడు మొక్కలు.

"హార్లన్ జారిపడలేదు," అంది రూత్. "పారతో కొట్టారు. తర్వాత గుంతలో పడేసి, తల కింద రాయి పెట్టారు. రక్తం రాయికి అంటింది గానీ కిందికి కారలేదు. అప్పటికే ఆగిపోయింది."

టాన్సీ బల్ల మీది ఒక మొక్కని దగ్గరికి లాక్కుంది.

"ఆ గుంత తవ్వింది ఎవరు? హార్లన్ కాదు. తవ్వినవాడు మట్టి కలిపేశాడు, హార్లన్ కలపడు. ఎఫ్రైన్‌కి తొందర లేదు, ఇవాళ ఎలాగూ జీతానికి తవ్వేవాడే. ఎఫ్రైన్ పార పడకముందే తవ్వాల్సిన అవసరం ఒకరికుంది. మట్టి రిపోర్టు శనివారం నలుగురు విన్నారు. ముగ్గురు నవ్వుకున్నారు. ఒకరికి మాత్రం అక్కడ ఏముందో తెలుసు. మొక్కలు నాటడానికి, లైల్ వెళ్లిపోయాడన్న ఎనభై ఏడు వసంతంలో, ఆ కింది మెట్టులో గుంతలు తవ్వి ఉంచారు. అందులో ఒకటి మొక్కతో కాక మనిషితో నిండింది. టాన్సీ అప్పటికి పుట్టలేదు. ఎఫ్రైన్ వచ్చి ఆరేళ్లు. అక్కడ ఏమీ వెయ్యొద్దని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చింది ఎవరు?"

"మంచు," అన్నాడు వెర్న్. "అక్కడ మంచు దిగుతుంది."

"దిగదు అంకుల్," అంది టాన్సీ. "నేను చలికాలమంతా చూశా."

"బూటు దొరికింది వెర్న్," అంది రూత్. "ఎముకలు ఎక్కడ పెట్టారు?"

ఐలీన్ వెర్న్ మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"మేకల షెడ్డులో గోనె సంచి ఉంది," అంది ఐలీన్ నెమ్మదిగా. "ఆరున్నరకి తెచ్చాడు. ఎముకల పొడి, టాన్సీ కోసం తెప్పించా, నువ్వు ముట్టుకోకన్నాడు." భర్త వైపు తిరిగింది. "వెర్న్, లైల్ నాకు రాసిన కార్డు."

వాన పెరిగింది.

"నా కోసం ఎదురుచూడకు అని రాసిన కార్డు. ఎవరు రాశారది?"

"నేనే," అన్నాడు వెర్న్. "అలాస్కా వైపు పడవ మీద పనికి పోతున్నవాడికిచ్చి అక్కడ పోస్టు చేయించా." బల్ల అంచు పట్టుకున్నాడు. "ఆ జూన్‌లో నీకూ లైల్‌కీ పెళ్లి. వద్దని చెబుదామనే వాణ్ణి పిలిచా. మాటామాటా పెరిగింది. గుంతలు తవ్వే ఉన్నాయి. ఇవాళ తవ్వుతుంటే హార్లన్ వచ్చి సంచిలోకి చూశాడు. ఎవరు వెర్న్ అది, అని అడిగాడు. అరవలేదు, తిట్టలేదు. అదొక్కటే అడిగాడు."

టాన్సీ బయటికి వెళ్లిపోయింది. ఎఫ్రైన్ ఆమె వెనకే నడిచాడు.

బ్రూక్స్ వెర్న్ చేతులకి బేడీలు వేసి జీపెక్కించాడు. ఆ జీపులో తను రానంది ఐలీన్. రూత్ తన కారు తలుపు తీసింది. కారు మేకల ఫారం మలుపు తిరిగింది. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"ఆ కార్డు తర్వాత మళ్లీ కబురు లేదని ముప్ఫై నాలుగేళ్లు లైల్‌ని తిట్టుకున్నా," అంది ఐలీన్.

రూత్ కారు వేగం తగ్గించింది.

"పొద్దున మేకలు ఆ సంచిని కొరుకుతుంటే," ఐలీన్ తన కుడిచేతిని ఒళ్లో తిప్పి చూసుకుంది, "నేనే ఎత్తి పక్కన పెట్టా. తేలిగ్గా ఉంది. ఒక్క చేత్తో వచ్చేసింది."