ధూళిలోయ దాటిన మనిషి

అంగారకుడి మీద ఎర్రకొండ కాలనీలో, పోయినవాళ్ల ఫోటోలకు ఇప్పుడెవరూ దండలు వేయడం లేదు. వాళ్ల జ్ఞాపకాలే ఇంట్లో ఉంటున్నాయి. మనిషి బతికుండగానే మెదడులోని న్యూరాన్ల అల్లికకు నకలు తీసి దాచే యంత్రం వచ్చింది. దాని పేరు స్మృతిదర్శిని. అది జ్ఞాపకాన్ని తెర మీద చూపించడమే కాదు, నిజంగా జరిగిందేదో, మనిషి కల్పించుకున్నదేదో విడదీసి మరీ చెబుతుంది. అది తేల్చిందే కాలనీ చరిత్రలోకి ఎక్కుతుంది.

రెస్క్యూ దళంలో పనిచేసే ఉత్పల, చనిపోయిన తాత భానుమూర్తి జ్ఞాపకాలు చూడ్డానికి ఎంతో గర్వంగా వెళ్లింది. తుఫానులో ధూళిలోయను కాలినడకన దాటి, అవతలి గని శిబిరానికి మందులు చేర్చిన మనిషాయన. ఆ కథ ఆయన నోటే వింటూ, అందరికీ చెప్పుకుంటూ పెరిగింది కాబట్టే ఆమె ఈ ఉద్యోగంలో చేరింది.

తెర మీద తాత లోయ అంచు దాకా వెళ్లాడు. చాలాసేపు నిలబడ్డాడు. వెనక్కి వచ్చేశాడు.

లోయ దాటడం కల్పనేనని యంత్రం తేల్చేసింది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ వసుమతి ఏదో సర్దిచెప్పబోయింది. ఉత్పల వినిపించుకోలేదు. ఇన్నాళ్లూ తాత నుంచి వచ్చిందనుకున్న ధైర్యం అసలెవరిదో తెలియక కూలబడిపోయింది.

అప్పుడే దళం నుంచి పిలుపొచ్చింది. అవతలి శిబిరంలో ఆక్సిజన్ యంత్రం ఆగిపోయింది. బయట తుఫాను. ఆ దుమ్ములో బండ్లు కదలవు. విడిభాగం మోసుకుని ఎవరో ఒకరు నడిచి వెళ్లాలి. అందరూ ఉత్పల వంకే చూశారు, భానుమూర్తి మనవరాలు కదా అని. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. చెప్పలేకపోయింది. విడిభాగాన్ని వీపుకు కట్టుకుని బయల్దేరింది.

లోయ అంచున కాళ్లు ఆగిపోయాయి. తాత ఎందుకు వెనుదిరిగాడో అప్పుడర్థమైంది. ఆయన మీద కోపం పోయింది గానీ భయం పోలేదు. దాన్ని వెంటేసుకునే దిగింది. పడింది, లేచింది, చెయ్యి కూడా కనపడని దుమ్ములో నేల తడుముకుంటూ పాకింది. శిబిరం తలుపు చేతికి తగిలేసరికి హెల్మెట్ లోపల ఏడుస్తోంది, నవ్వుతోంది. విడిభాగం బిగించగానే ఆక్సిజన్ యంత్రం మళ్లీ ఊపిరి పోసింది. అందరూ బతికారు.

తిరిగొచ్చాక వసుమతి ఆమెను మళ్లీ తెర ముందు కూర్చోబెట్టి, చూడకుండా వెళ్లిపోయిన మిగతా జ్ఞాపకం చూపించింది. బయట గాలి హోరు. తాత ఒళ్లో ఆయన చొక్కా పట్టుకుని వణికిపోతున్న చిన్నపిల్ల. ఆయన పిల్లను గుండెకు హత్తుకున్నాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. "ఇంతకన్నా పెద్ద తుఫానులో ఒకసారి మీ తాత ఏం చేశాడో తెలుసా?"

పిల్ల వణుకు తగ్గింది.

కాలనీ చరిత్రలో ఆయన గురించి ఏమని రాయాలో తనకు తోచడం లేదంది వసుమతి. యంత్రం మాత్రం ఇంకా అబద్ధమనే చూపిస్తోందట.

ఉత్పల కళ్లు తుడుచుకుని నవ్వింది.

"అబద్ధమని రాయకండి మేడమ్. మా తాత కాస్త ముందుగా చెప్పాడు, అంతే."