జీపులో నాలుగో మనిషి

"కట్టు కట్టమంటే సంత మూట కట్టిన్రేంది సారూ!"

ఉప్పలమ్మ మాటకు ఫస్ట్ ఎయిడ్ క్లాసంతా గొల్లుమంది. వెంకటనారాయణ చెవులు ఎర్రబడ్డాయి.

బైలదిల్లా ఇనుప గనులు తెరిచిన కొత్తలో ఆఫీసు గుమాస్తాగా వచ్చాడతను. డ్రైవింగ్ వచ్చు కాబట్టి వాలంటీర్ల అంబులెన్స్ సంఘంలో చేరాడు. అదే సంఘంలో ఉన్న ఉప్పలమ్మది ఎర్రబోరు ఊరు. తెలుగు, హిందీ, అక్కడి గిరిజనుల దోర్లీ గడగడా మాట్లాడేది. ఆ క్లాసు రోజు నుంచి డ్యూటీలు మార్పించుకుని మరీ, ఆమె ఉన్నప్పుడే అంబులెన్స్ జీపు తీసేవాడు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, ఘాట్ రోడ్డు మీద చరియ విరిగిపడిందని కబురొచ్చింది. ఇద్దరూ బయల్దేరారు. మబ్బు రోడ్డు మీదికి దిగింది. పట్టపగలే హెడ్‌లైట్లు వేయాల్సి వచ్చింది. వాన నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. పక్షి కూత కూడా లేదు.

మలుపులో ఒక మనిషి బురదలో పడి ఉన్నాడు. ముఖమంతా నెత్తురు. చుట్టూ ఎవరూ లేరు. అతన్ని జీపులో పడుకోబెట్టి, ఆమె వెనకే కూర్చుంది.

కాస్త దూరం పోయాక అడిగింది: "సారూ, మనం ఎంతమందిమున్నం?"

"ముగ్గురం. ఏం?"

"ఇతను నలుగురమంటున్నడు. పక్కన తమ్ముడు కూసున్నడంట. సలేస్తుందంట. కాళ్ల మీద రాళ్లున్నయంట."

వెంకటనారాయణ అద్దంలో చూశాడు. బెంచి ఖాళీ. కానీ ఉప్పలమ్మ ఒక పక్కకు ఒదిగి కూర్చుని ఉంది, ఎవరికో చోటిచ్చినట్టు.

"ఆపండి. నేను దిగుత."

"ఒక్కదానివేనా? చరియ మళ్లీ విరిగితే?"

"తమ్ముడు ఆడనే ఉన్నడు సారూ. ఆలస్యమైతే ఇతనూ పోతడు. మీరు పొండి. మనుషుల్ని, పారల్ని తెండి."

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి ఈల తీసి ఇచ్చాడు. "సంఘం ఈల. పోగొట్టకు," అన్నాడు.

ఆసుపత్రిలో, ఇతను దారిలో మాట్లాడాడని చెబితే డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "మాట్లాడాడా? దవడ రెండు చోట్ల విరిగింది. ఎలా మాట్లాడతాడయ్యా?"

వెంకటనారాయణ జీపు వైపు తిరిగాడు. మాట్లాడింది ఇతను కాకపోతే, ఎవరి మాట మీద ఆమెను ఆ మబ్బులో దింపాడు?

నలుగురు మనుషుల్ని ఎక్కించుకుని పరుగున వెనక్కొచ్చాడు. మలుపులో ఈల వినబడలేదు. పేరు పెట్టి పిలిచాడు. కొండ ఆ పేరునే తిరిగి పలికింది. మరోసారి పిలిచాడు. అప్పుడు సన్నగా, ఊపిరి లేనట్టు, ఈల.

ఉప్పలమ్మ రాళ్ల పక్కన కూర్చుని ఉంది. బురదలోంచి పైకొచ్చిన ఒక చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "నాడి కొట్టుకుంటుంది," అంది.

తవ్వి తీశారు. కాళ్ల మీద రాళ్లే. ప్రాణం ఉంది.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో టీ తాగుతూ దవడ సంగతి చెప్పాడు. ఉప్పలమ్మ తన గ్లాసు కింద పెట్టింది.

"నేను ఇన్న సారూ. నా చెవిల చెప్పినట్టే. మీరు గూడ ఇన్నరు గదా?"

"లేదు. ఇంజను మోత తప్ప నాకేం వినబడలేదు."

"మరి ఎట్ల నమ్మిన్రు?"

"చెప్పింది నువ్వు కదా."

ఆమె తలెత్తి చూసింది. వాన చూరు మీంచి ధారగా పడుతోంది.

"ఉప్పలమ్మా, మీ నాన్నతో మాట్లాడాలి. ఎర్రబోరు రమ్మంటావా?"

"ఆదివారం రాండి. బస్సు దిగి మా నాయిన కాశయ్య ఇల్లేదంటే ఎవరైనా చెప్తరు," అంటూ చల్లబడ్డ చేతులు అతని గ్లాసు చుట్టూ, అతని వేళ్ల మీదుగా వేసింది.